వాంకెల్ ఇంజన్: సొంత విమానాల్లో వాడకం

వాంకెల్ ఇంజన్‌లో పిస్టన్ ఉండదు. నడుము నొక్కినట్టున్న కోలగదిలో (హౌసింగ్‌లో) మూడు మూలల రోటర్ తిరుగుతుంది. గోదావరి డెల్టా చేలకు నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్‌లో ఉండే వాల్వులు, కనెక్టింగ్ రాడ్లు దీనికి లేవు. మొదటి ప్రపంచ యుద్ధ విమానాల నోమ్ ఇంజన్‌నూ దీనిలాగే రోటరీ అంటారు గానీ, అందులో తిరిగేవి సిలిండర్లే.

జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ ఊహ 1957లో ఎన్ఎస్‌యూ సంస్థలో నడిచే ఇంజన్ అయింది. తర్వాత జపాన్‌లో మాజ్దా దాన్ని అందుకుంది. అయితే రోటర్ మూలల సీళ్లు హౌసింగ్ గోడను గీకి అలల్లాంటి గాట్లు పెట్టేవి. ఇంజనీర్లు వాటిని దెయ్యపు గోళ్ల గీతలన్నారు. మాజ్దా ఇంజనీరు కెనిచి యమమోతో బృందం ఆ చిక్కు విప్పాకే 1967లో కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి వచ్చింది. ఈ ఇంజన్ చరిత్రలో సగం ఈ సీళ్ల చరిత్రే.

అమెరికాలో ఇంటి దగ్గర విమానం కట్టుకునేవారు మాజ్దా ఆర్ఎక్స్-7 కార్లలోని 1308 సీసీ 13బీ ఇంజన్‌ను ఎంచుకున్నారు. పాత కార్ల నుంచి చవకగా దొరకడం ఒక కారణం. సీలు విరిగినా చాలాసార్లు ఇంజన్ బిగుసుకుపోకుండా, తగ్గిన బలంతోనైనా తిరుగుతూ ఉండడం అంతకన్నా పెద్ద కారణం. గాలిలో ఉన్న మనిషికి అది ప్రాణంతో సమానం.

పాత కారు నుంచి తీసిన ఇంజన్‌ను విప్పాక మొదట చూడవలసింది హౌసింగ్ లోపలి క్రోమ్ పూత. అది పెచ్చులూడితే ఆ హౌసింగ్ మీద ఆశ వదులుకోవాలి. ఎప్పుడైనా విపరీతంగా వేడెక్కి ఉంటే రబ్బరు సీళ్లు పాడై చల్లబరిచే నీళ్లు లోపలికి దిగుతాయి. సీళ్లు, స్ప్రింగులు కొత్తవి వేసి, పొడుగు బోల్టులను నిర్ణయించిన వరుసలోనే బిగిస్తారు. కంప్రెషన్ చూసేటప్పుడు రోటర్ మూడు ముఖాలూ ఇంచుమించు సమానంగా పలకాలి. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర బలం చూపే ఈ ఇంజన్‌కు ప్రొపెల్లర్‌ను నేరుగా తగిలించలేం. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేర్‌బాక్స్ పెడతారు.

బిగించిన ఇంజన్‌ను పరీక్షించేటప్పుడు అసలు శత్రువు వేడి. ఇంజన్ ఆయిల్ కూడా వేడిలో పెద్ద వాటా మోస్తుంది కాబట్టి రేడియేటర్‌తో పాటు ఆయిల్ కూలర్ కూడా సరిపడా ఉండాలి. స్టాండు మీద నిబ్బరంగా నడిచిన ఇంజనే, విమానంలో కప్పు మూసి పైకెక్కేటప్పుడు మరిగిపోవచ్చు. ఇలాంటి ధ్రువీకరణ లేని ఇంజన్ ఉన్న విమానాన్ని అమెరికాలో సాధారణంగా 40 గంటలు పరీక్షగా ఎగరేశాకే ప్రయాణికులను ఎక్కించనిస్తారు.

సొంత విమానాలకు కాకపోయినా, మన దేశంలో అహ్మద్‌నగర్‌లోని రక్షణ వాహనాల పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ, బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ కలిసి 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజన్ తయారుచేశాయి. కోలారు ప్రాంతంలో 2009లో నిశాంత్ అనే పైలట్ లేని విమానం దానితో ఎగిరింది. అప్పటిదాకా నిశాంత్‌కు దిగుమతి ఇంజనే దిక్కు.