ఇల్లు దులిపి వారమైనా కళ్ల మంట తగ్గట్లేదా.. దుమ్మా, యాసిడా, లేక మీరు వేసుకుంటున్న చుక్కల మందేనా?

సంక్రాంతి వస్తుందంటే ఇంటింటా దులుపుడే. అటక మీద సామాన్లు దించుతాం, బూజుకర్రతో మూలలన్నీ దులుపుతాం, బాత్‌రూమ్‌లో యాసిడ్ పోసి టైల్స్ తోముతాం, వీలైతే గోడలకు సున్నం కూడా కొట్టిస్తాం. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి మండుతుంటే మామూలే అనుకుని, ముఖం కడుక్కుని పడుకుంటాం. చాలామందికి తెల్లారేసరికి తగ్గిపోతుంది కూడా. తగ్గని వాళ్లతోనే చిక్కు. మూడు రోజులైనా, వారమైనా కంట్లో ఇసుక పోసినట్టు గరగర, ఊరికే నీళ్లు కారడం, లైటు చూస్తే చికాకు.. ఇలా ఉంటే మాత్రం దుమ్ము పడింది, అదే పోతుందిలే అని వదిలేయకూడదు. దుమ్ము పడటం, రసాయనం పడటం, అలర్జీ, కన్ను పొడిబారడం.. అన్నిటికీ మనం వాడే మాట ‘మంట’ ఒక్కటే. వైద్యం మాత్రం ఒకటి కాదు.

సున్నం పడితే నిమిషాలే లెక్క

అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది సున్నం గురించి. యాసిడ్ అంటే అందరికీ భయమే. సున్నం అంటే తాంబూలంలో వేసుకునేదే కదా అని తేలిగ్గా చూస్తారు. నిజానికి కంటికి యాసిడ్ కంటే సున్నం, కాస్టిక్ సోడా లాంటి క్షారాలే ఎక్కువ ప్రమాదం. యాసిడ్ తగిలినప్పుడు కంటి పైపొరలోని ప్రోటీన్లు గడ్డకట్టి, లోపలికి పోకుండా కొంతవరకు అడ్డుకుంటాయి. క్షారం అలా కాదు. కణాల్లోని కొవ్వును సబ్బులా కరిగించుకుంటూ లోపలికి వెళ్తూనే ఉంటుంది. నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా మందం దాదాపు అర మిల్లీమీటరే. పైగా సున్నం పలుకు రెప్ప కింద ఇరుక్కుంటే గంటల తరబడి అక్కడే కరుగుతూ ఉంటుంది. తడి సిమెంటులోనూ ఉండేది ఇలాంటి క్షారమే. కిళ్లీ కొట్టులో దొరికే చిన్న సున్నం ప్యాకెట్లను పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే, అవి పగిలి నేరుగా కంట్లో చిమ్మిన కేసులు మన దేశంలో కంటి ఆసుపత్రులకు కొత్తేం కాదు.

పడిన వెంటనే చేయాల్సింది ఒక్కటే.. నీళ్లు. కుళాయి నీళ్లు, బిందెలో నీళ్లు, బాటిల్ నీళ్లు, ఏవి శుభ్రంగా ఉంటే అవి. తలను పక్కకు వంచి, దెబ్బతిన్న కన్ను కిందికి ఉండేలా పెట్టి, రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి బయటికి సన్నగా ధార పోస్తూనే ఉండాలి. కనీసం 15 నిమిషాలు. సున్నమో, కాస్టిక్ సోడానో అయితే 30 నిమిషాలు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసేయాలి. రెప్ప కింద సున్నం పలుకులు కనిపిస్తే తడి గుడ్డ కొనతో తేలిగ్గా వచ్చేవి తీయొచ్చు. గోకకూడదు. కడిగాకే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆటో దొరికేలోపు ఏముందిలే అని కడగకుండా పరుగెత్తితే పోయేది చూపే.

మన ఇళ్లలో చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ఆముదం పోయడం, నెయ్యి రాయడం, చనుబాలు పిండటం, తేనె చుక్క వేయడం.. ఇవేవీ వద్దు. సున్నానికి విరుగుడని నిమ్మరసం పోయడం అయితే అసలే వద్దు. రెండు రసాయనాలు కలిస్తే వేడి పుడుతుంది, కాలిన కంటి మీద ఇంకో కాలుడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. క్షారం బాగా లోతుగా కాల్చిన కన్ను ఎర్రగా కాకుండా తెల్లగా, పాలిపోయినట్టు కనిపించొచ్చు. రక్తనాళాలు చచ్చుబడటమే దానికి కారణం. నరాలు దెబ్బతింటే నొప్పి కూడా తక్కువగా ఉండొచ్చు. ఎర్రగా లేదు, నొప్పి లేదు కాబట్టి పర్లేదు అనుకోవడం ఇలాంటప్పుడే కొంప ముంచుతుంది.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసేవి అవే. అవి కాలిపోతే పుండు మానదు, కార్నియా మీదికి తెల్లపొర పాకుతుంది. దీనికి హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఒక శస్త్రచికిత్స రూపుదిద్దుకుంది. బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై అతికిస్తారు. అవే పెరిగి పొరను తిరిగి కడతాయి. 2012లో వైద్య పత్రికలో వచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు వేరే దేశాల్లోనూ చేస్తున్నారు. అయితే ఒక కన్నైనా బాగుంటేనే ఇది సాధ్యం.

బాత్‌రూమ్‌లో కలిపే ఘాటు

మరకలు పోవట్లేదని యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లు ఉన్నారు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది కళ్లతో పాటు ముక్కు, గొంతు, ఊపిరితిత్తులనూ పట్టేస్తుంది. బ్లీచ్‌ని అమోనియా ఉండే అద్దాల క్లీనర్‌తో కలిపినా విషవాయువే వస్తుంది. ఘాటు కొట్టగానే అంతా వదిలేసి బయటికి వచ్చేయాలి. కళ్లు కడుక్కోవడం ఆ తర్వాత. దగ్గు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి.

దుమ్మైతే ఒక కన్నా, రెండు కళ్లా?

దుమ్ముతో వచ్చే బాధలో మొదట చూసుకోవాల్సింది ఇదే. ఒక్క కన్నే గుచ్చుతోంది, రెప్ప వేసిన ప్రతిసారీ గీరుతోంది అంటే నలుసు పై రెప్ప లోపల ఇరుక్కుని ఉండొచ్చు. నలుపుతున్న కొద్దీ అది కార్నియా మీద గీతలు పెడుతుంది. మామూలు గీత ఒకటి రెండు రోజుల్లో మానిపోతుంది. చీపురు పుల్ల, వరి పొట్టు, ఎండుటాకు తగిలి అయిన గాయాన్ని మాత్రం నమ్మకూడదు. వాటి మీద ఉండే ఫంగస్ లోపలికి చేరి కొన్ని రోజుల తర్వాత పుండుగా బయటపడుతుంది. దక్షిణ భారతదేశంలో, ముఖ్యంగా పొలం పనులు చేసేవాళ్లలో, కార్నియా పుండ్లకు ఇదో పెద్ద కారణం. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.

రెండు కళ్లూ దురద పెడుతూ, తుమ్ములు, ముక్కు కారడం కూడా ఉంటే అలర్జీ అనుకోవచ్చు. దురదే దీనికి గుర్తు. కారణం పైకి కనిపించే బూజు కాకపోవచ్చు.. పరుపులు, దిండ్లలో ఉండే, కంటికి కనిపించని దుమ్ము పురుగులు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటి తిండి. అలర్జీ తెచ్చేది వాటి విసర్జనలోని ప్రోటీన్లు. బొద్దింకల పొడి కూడా అంతే. ఎండలో వేస్తే పురుగులు కొన్ని చస్తాయేమో గానీ ఆ ప్రోటీన్లు పోవు. దుప్పట్లు, దిండు గలీబులు 55 డిగ్రీలకు పైన వేడి నీళ్లలో ఉతకాల్సిందే. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేచి మళ్లీ అక్కడే వాలుతుంది, తడిగుడ్డ మేలు. పిల్లలు అదేపనిగా కళ్లు నలుపుతుంటే ఆపండి. ఏళ్ల తరబడి నలపడం వల్ల కార్నియా పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే జబ్బుకు దారితీయొచ్చు.

మానని మంటకు మందే కారణమైతే..

ఇది కాస్త విచిత్రంగా ఉంటుంది గానీ, వారాల తరబడి మంట తగ్గని వాళ్లలో కొందరికి అసలు కారణం చుక్కల సీసానే. ఎర్రదనం పోగొట్టే చుక్కలు రక్తనాళాలను బిగిస్తాయి. మందు ఆపగానే అవి మళ్లీ ఉబ్బి, మునుపటికంటే ఎర్రగా చేస్తాయి. దాంతో మళ్లీ చుక్కలు, మళ్లీ ఎరుపు. చాలా సీసాల్లో నిల్వ కోసం బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు, రోజుకు చాలాసార్లు వేస్తే ఇదీ కంటి పైపొరను దెబ్బతీస్తుంది. కన్నీటి చుక్కలు రోజుకు నాలుగుసార్లకు మించి వాడాల్సి వస్తే నిల్వ మందు లేనివి అడిగి తీసుకోవాలి.

స్టెరాయిడ్ చుక్కలది ఇంకో కథ. మెడికల్ షాపులో ‘కళ్లు మండుతున్నాయి’ అంటే ఇచ్చేవాటిలో యాంటీబయాటిక్‌తో కలిపి స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, అందుకే జనం వదలరు. లోపల ఫంగస్ ఉంటే అది మాత్రం ఎరువేసినట్టు పెరుగుతుంది. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా, లేదంటే శుక్లం. పోయినసారి మిగిలిన సీసా ఉంది కదా అని వేసుకోవడం కూడా మానేయాలి, చాలా చుక్కల మందులు మూత తీశాక నెలకు మించి పనికిరావు. మా ఇంటి ఫ్రిజ్‌లో వెతికితే ఇలాంటివే రెండు దొరికాయి, రెండింటి మీదా తేదీ లేదు.

డాక్టర్ దగ్గర ఏం చేస్తారంటే.. రసాయనం పడి ఉంటే లిట్మస్ లాంటి కాగితంతో కన్నీటిని పరీక్షించి, మామూలు స్థితికి వచ్చేదాకా మళ్లీ కడుగుతారు. పై రెప్ప తిరగేసి చూస్తారు. పసుపుపచ్చ రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే గీతలు, పుండ్లు పచ్చగా మెరుస్తాయి. కన్ను పొడిబారిందేమో అనుకుంటే కింది రెప్పకు సన్నని కాగితం పట్టీ తగిలించి, ఐదు నిమిషాల్లో ఎంతమేర తడిసిందో కొలుస్తారు. 10 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా పర్వాలేదు, 5 కన్నా తక్కువైతే పొడి ఎక్కువే ఉన్నట్టు. ఏం పడిందో తెలిస్తే వైద్యం సగం తేలిక కాబట్టి ఆ డబ్బా, లేదా దాని లేబుల్ ఫొటో వెంట తీసుకెళ్లండి.

చూపు మసకబారినా, నొప్పి పెరుగుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా ఉదయం దాకా ఆగొద్దు. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖ, కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. ఈసారి అటక దులిపేటప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే పక్కలు మూసిన కళ్లద్దాలు పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్స్ ముందే తీసేయండి. అన్నట్టు, రథసప్తమికి జిల్లేడాకులు కోసేవాళ్లు కూడా చేతులు కడుక్కోకుండా కళ్లు తుడుచుకోవద్దు. ఆ పాలు కంట్లో పడితే నొప్పి పెద్దగా ఉండకుండానే చూపు మసకబారుతుంది.