రాత్రి డ్యూటీ దిగగానే పొద్దున్నే పీటీనా? సైన్యంలో నిద్ర లెక్క ఎలా ఉంటుంది, ఎలా ఉండాలి

కాపలాలో ఉన్న జవాను కునుకు తీస్తే అది చిన్న తప్పు కాదు, నేరం. ఆర్మీ యాక్ట్ 1950లోని 36వ సెక్షన్ ప్రకారం యాక్టివ్ సర్వీసులో ఉండగా సెంట్రీ నిద్రపోతే 14 ఏళ్ల దాకా, మామూలు సమయంలో అయితే 7 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. నిద్రపోతే శిక్ష ఏమిటో చట్టం ఇంత స్పష్టంగా చెప్పింది. మరి ఆ జవానుకు నిద్రపోయే సమయం దొరికిందా లేదా అన్నది ఎవరు చూడాలి?

మీ ఇంట్లో అగ్నివీర్ ఉన్నా, మీరే సైన్యంలో చేరాలని గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేస్తున్నా ఈ ప్రశ్న మీకు అవసరమే. డ్యూటీ, నిద్ర, పీటీ మూడూ ఆ 24 గంటల్లోనే సర్దాలి. మూడింట్లో దేన్నైనా కోయాల్సి వస్తే అందరి చెయ్యీ ముందు నిద్ర మీదికే వెళుతుంది.

రెండు ఓడలు, 17 ప్రాణాలు

ఈ విషయంలో ఎక్కువ మూల్యం చెల్లించి పాఠం నేర్చుకున్నది అమెరికా నౌకాదళం. 2017 జూన్ 17న జపాన్ తీరానికి దగ్గరలో అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో ‘ఫిట్జ్‌జెరాల్డ్’ అనే యుద్ధనౌక ఒక కంటైనర్ ఓడను ఢీకొంది. నావికులు పడుకునే గదుల్లోకి నీళ్లు వచ్చి 7 మంది చనిపోయారు. రెండు నెలలు తిరిగాయో లేదో, ఆగస్టు 21న సింగపూర్ దగ్గర ‘జాన్ ఎస్. మెకెయిన్’ తెల్లవారకముందే ఒక ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొంది. అందులో 10 మంది పోయారు.

కారణం నిద్రలేమి ఒక్కటే అనడం సరికాదు. శిక్షణ లోపాలు, పర్యవేక్షణ లోపాలు దర్యాప్తుల్లో ముందు వరసలో ఉన్నాయి. కానీ మెకెయిన్‌ను నడిపే చోట ఆ సమయంలో ఉన్నవాళ్లు అంతకుముందు 24 గంటల్లో సగటున 5 గంటలు కూడా నిద్రపోలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు లెక్క తేల్చింది. ఇంకో సంగతి ఉంది. రద్దీగా ఉండే సముద్ర మార్గంలోకి వెళ్లే ముందు అదనపు సిబ్బందిని 5 గంటలకే పిలుద్దామని కింది అధికారులు సూచించారు. సిబ్బందికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని కమాండర్ దాన్ని 6 గంటలకు జరిపారు. ప్రమాదం 5:24కు జరిగింది. ఆయన ఉద్దేశం మంచిదే. కాకపోతే రోజుల తరబడి పేరుకున్న నిద్ర బాకీ ఆఖరి గంటలో తీరదు.

15 గంటల రోజు

అప్పటికి చాలా నౌకల్లో వాడుకలో ఉన్న పద్ధతి 5 గంటలు కాపలా, 10 గంటలు విరామం. వినడానికి ఉదారంగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి. సోమవారం రాత్రి 10కి డ్యూటీ ఎక్కితే తర్వాతది మంగళవారం మధ్యాహ్నం 1కి. ఆ తర్వాత బుధవారం తెల్లవారుజామున 4కి, మళ్లీ అదే రోజు సాయంత్రం 7కి. ఆపైన గురువారం ఉదయం 10కి, శుక్రవారం రాత్రి ఒంటిగంటకు. నిన్న నిద్రపోయిన సమయానికి ఇవాళ మీరు డ్యూటీలో ఉంటారు. పైగా ఆ 10 గంటలూ విశ్రాంతి కాదు. మరమ్మతులు, శుభ్రం చేయడం, డ్రిల్లులు, భోజనం, వ్యాయామం అన్నీ అందులోంచే. కొన్ని రోజుల్లో 20 గంటలకు పైగా మెలకువగా ఉండాల్సి వచ్చేది.

మన ఒంట్లోని గడియారం 24 గంటలది. దానికి 15 గంటల రోజు తెలియదు. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం అడుగుకు పడిపోతాయి. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుకు దగ్గరగా ఉంటుందని 1997 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ కేసుకు హద్దు 0.03 శాతమే!

నౌకాదళం చేసిన మార్పు చెప్పడానికి చాలా మామూలుది. ప్రమాదాల తర్వాత, 2017లోనే, కాపలా వేళలను 24 గంటల చక్రంలోకి తేవాలని యుద్ధనౌకలకు ఆదేశం వెళ్లింది. ఉదాహరణకు 3 గంటలు డ్యూటీ, 9 గంటలు విరామం. రాత్రి 12 నుంచి 3 మీ వంతు అయితే పగలు 12 నుంచి 3 కూడా మీదే, రేపూ ఎల్లుండీ అవే వేళలు. డ్యూటీ గంటలు కొంత తగ్గాయి, అంతకంటే ముఖ్యంగా వేళలు స్థిరపడ్డాయి. దీనికి తోడు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అన్న నియమం వచ్చింది. ఒకేసారి కుదరకపోతే 5 గంటలు ఏకధాటిగా, మరో 2 గంటలు కునుకు. అయితే కాగితం మీద నియమం ఉంటే సరిపోదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో ఇచ్చిన నివేదికలో ఓడల మీది అధికారుల్లో తగినంత నిద్ర దొరికినవాళ్లు 14 శాతమే. సిబ్బంది కొరత తీరకపోతే ఉన్నవాళ్లే రెండు వంతులు మోస్తారు.

మన గార్డ్ రూమ్ లెక్క

మన దగ్గర గార్డ్ డ్యూటీల్లో ఎక్కువగా వినిపించేది 2 గంటలు నిలబడటం, 4 గంటలు విరామం. ముగ్గురు మనుషులు వంతులవారీగా. ఇందులోనూ ఏ వంతు పడిందన్నదే అసలు విషయం. రాత్రి 10 నుంచి 12, మళ్లీ 4 నుంచి 6 నిలబడేవాడికి మధ్యలో 4 గంటలు చేతిలో ఉంటాయి. 8 నుంచి 10, మళ్లీ 2 నుంచి 4 పడినవాడి సంగతి చూడండి. బూట్లు విప్పి పడుకునేసరికి పదిన్నర, లేపేసరికి ఒంటిగంటన్నర. దిగి పడుకునేసరికి నాలుగున్నర. ఐదున్నరకు పీటీ ఫాలిన్ అంటే ఆ రెండో నిద్ర గంట కూడా ఉండదు. పేరుకు విరామం 8 గంటలు, నిద్ర నాలుగు కూడా కాదు.

అందుకే గార్డ్ దిగినవాళ్లకు ఆ ఉదయం పీటీ వద్దనడం దయ చూపడం కాదు, లెక్క తెలిసిన పని. యూనిట్‌ను బట్టి, అక్కడి అధికారిని బట్టి ఇది మారుతుంది. రోస్టర్ రాసే హవల్దార్ ప్రతి వారం ఒకే మనిషికి 2 నుంచి 4 వంతు వేయకుండా చూసుకున్నా సగం సమస్య తగ్గుతుంది.

పీటీ మానేయాలనా?

కాదు. సైన్యంలో ఫిట్‌నెస్ ఉద్యోగంలో భాగం. బీపీఈటీలో ఆయుధం, సామగ్రితో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, గుంత దూకడం ఉంటాయి. పీపీటీలో 2.4 కిలోమీటర్ల పరుగు, చినప్‌లు, సిటప్‌లు. అగ్నివీర్‌లలో నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు కాబట్టి వాళ్ల మీద ఒత్తిడి ఇంకా ఎక్కువ.

కానీ వ్యాయామంతో ఒంట్లో బలం పెరిగేది ఎక్కువగా నిద్రలోనే. గ్రోత్ హార్మోన్ పెద్ద మోతాదులో విడుదలయ్యేది గాఢనిద్రలో. నిద్ర లేకుండా పరుగు పెంచుకుంటూ పోతే మిగిలేది మోకాలి కింద ఎముక నొప్పి, ఆపైన స్ట్రెస్ ఫ్రాక్చర్. అమెరికా సైన్యం 2020లో తన ఫిట్‌నెస్ నియమావళిని తిరగరాసినప్పుడు వ్యాయామం, ఆహారంతో సమానంగా నిద్రకూ ఒక అధ్యాయం పెట్టింది ఇందుకే. రాత్రి నిద్ర చాలనప్పుడు పగలు కునుకు తీయాలని అందులో నేరుగా రాశారు. నిద్ర ఆపుకోవడమే మగతనం అనే బ్యారక్ కబుర్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

రాత్రి డ్యూటీల వారంలో మీ చేతిలో ఉన్నవి

వ్యాయామాన్ని నిద్రకు ముందు కాకుండా నిద్ర లేచాక పెట్టుకోండి. ఉదయం 8కి పడుకుని మధ్యాహ్నం 2కి లేస్తే సాయంత్రం 4 నుంచి 6 మధ్య పరుగు బాగా సాగుతుంది. శరీర ఉష్ణోగ్రత, కండరాల బలం ఎక్కువగా ఉండేదీ ఆ వేళల్లోనే. ఆ వారం దూరం పెంచకండి. గట్టి పరుగు రెండు రోజులు చాలు, ఉన్న ఫిట్‌నెస్ నిలబడుతుంది. టెస్టు తేదీ ముందే తెలిస్తే, దానికి ముందు రెండు రాత్రులు గార్డ్ లేకుండా చూడమని సీనియర్‌ను అడగండి. టెస్టు రోజు పొద్దున అడిగితే సాకులా వినిపిస్తుంది, వారం ముందు అడిగితే ప్రణాళికలా ఉంటుంది.

డ్యూటీ ఎక్కే ముందు 20 నిమిషాల కునుకు పనికొస్తుంది. గంటన్నర దొరికితే ఇంకా మంచిది. అయితే నిద్ర లేవగానే తల మొద్దుబారినట్టు ఉండే మత్తు వదలడానికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తుపాకీ చేతికి తీసుకునే ముందు ఆ సమయం మిగుల్చుకోండి.

టీ, కాఫీ డ్యూటీ మొదటి సగంలోనే ఆపేయండి. తాగిన కెఫీన్‌లో సగం 5 గంటల తర్వాత కూడా రక్తంలో ఉంటుంది. ఎనర్జీ డ్రింకులకూ ఇదే వర్తిస్తుంది, పైగా చక్కెర అదనం. పగటి నిద్రకు దోమతెర మీద మందపాటి దుప్పటి కప్పినా చీకటి వస్తుంది.

‘నాకు ఆరు గంటలు చాలు, అలవాటైపోయింది’ అనుకుంటున్నారా? 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు వారాలు రోజుకు 6 గంటలే పడుకున్నవాళ్ల చురుకుదనం, వరుసగా రెండు రాత్రులు దాకా అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. తాము అంత దెబ్బతిన్నామని మాత్రం వాళ్లకు పెద్దగా తెలియలేదు.

గురక ఎక్కువై ఊపిరి ఆగినట్టు అనిపించినా, నెల రోజులుగా సెలవు దినాల్లోనూ నిద్ర పట్టకపోయినా యూనిట్ డాక్టర్‌కు చెప్పండి. నిద్రమాత్రలు బయటి దుకాణంలో కొనుక్కోకండి, వాటి మత్తు డ్యూటీ వేళ దాకా ఉండవచ్చు. రాత్రి డ్యూటీ దిగి వెంటనే బైక్ మీద ఊరికి బయలుదేరకండి. ముందు రెండు గంటలైనా పడుకోండి, లేదా బస్సెక్కండి.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. మీ అబ్బాయి రాత్రి డ్యూటీల్లో ఉంటే ఉదయం 11కి ఫోన్ చేస్తే అది అతనికి అర్ధరాత్రి. ఈ వారం ఏ వంతు పడిందో అడిగి తెలుసుకుని, అతను నిద్ర లేచే వేళకు ఫోన్ చేయండి.