కర్మన్‌ఘాట్ నుంచి కయాక్ ట్రిప్: కాకతీయుల చెరువులో తెడ్డు వేసే ముందు తెలియాల్సిన చరిత్ర

ఈ ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. మన కర్మన్‌ఘాట్ కుర్రాళ్ళు కొందరు ఓ ప్లాన్ వేసుకుంటున్నారు. గాలి కొట్టి ఉబ్బించే కయాక్ ఒకటి, నిలబడి తెడ్డేసే ప్యాడిల్‌బోర్డ్ ఒకటి కారెక్కించుకుని ఉత్తర తెలంగాణ చెరువులు, నదులు తిరిగొద్దామని. "అన్నా, ఎక్కడికి పోవాలి, ఎప్పుడు పోవాలి?" అని నన్ను అడిగారు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, నన్నెందుకు అడుగుతున్నారు అనుకోవద్దు. ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉంది. ఎందుకో చెప్తాను, చివరిదాకా వినండి.

రీల్స్‌లో మనం చూసే కయాకింగ్ ఎక్కువగా కెనడా, ఫిన్లాండ్ లాంటి చోట్లది. అక్కడి సరస్సులు చాలావరకు మంచుయుగంలో హిమానీనదాలు నేలను గీకితే ఏర్పడినవి. ఎవరూ కట్టలేదు. మన దగ్గర అట్లా కాదు. తెలంగాణలో మీరు తెడ్డు వేయబోయే చెరువు దాదాపు ప్రతిదీ మనిషి కట్టిందే. దానికో కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది, కింద పొలం ఉంటుంది. కాబట్టి మనకు ట్రిప్ ప్లాన్ అంటే మ్యాప్ ఒక్కటి చూస్తే సరిపోదు. ఆ చెరువు ఎవరి కోసం కట్టారో తెలియాలి.

కర్మన్‌ఘాట్ నుంచే మొదలుపెడదాం. మన హనుమాన్ గుడి స్థలపురాణం మీలో చాలామందికి తెలుసు. కాకతీయ రెండో ప్రోలరాజు ఇక్కడి అడవికి వేటకొచ్చి, అలసిపోయి కూర్చుంటే రామనామం వినిపించిందనీ, వెతికితే ఆంజనేయుడి విగ్రహం దొరికిందనీ, అందుకే గుడి కట్టించాడనీ చెప్తారు. ఇది శాసనం చెప్పిన మాట కాదు, జనం చెప్పుకునే కథ. కానీ మన కాలనీల మధ్య ఉన్న గుడి కూడా కాకతీయుల పేరే చెప్పుకుంటుంది చూడండి. మన ట్రిప్ పోయేది కూడా వాళ్ళ చెరువుల దగ్గరికే.

రూట్ సింపుల్. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్, అక్కడి నుంచి వరంగల్ హైవే. హనుమకొండ దాటి ములుగు మీదుగా పోతే, జంగాలపల్లి దగ్గర ఒక దారి పాలంపేటకు, అంటే రామప్పకు తిరుగుతుంది. అదే హైవే మీద ఇంకా ముందుకు పోతే చల్వాయి దగ్గర లక్నవరం దారి వస్తుంది. మన ఇంటి నుంచి రామప్ప సుమారు 210 కిలోమీటర్లు. పాకాల వేరే దిక్కు, నర్సంపేట వైపు.

రామప్ప గుడి అందరికీ తెలుసు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక. మనవాళ్ళు గుడి చూసి, ఇటుక తేలుతుందట అని చెప్పుకుని తిరిగొచ్చేస్తారు. గుడికి దగ్గర్లోనే ఉన్న చెరువు గురించి అంతగా మాట్లాడరు. కానీ ఆ రోజుల్లో గుడి, చెరువు, ఊరు మూడూ ఒకే ప్లాన్. గుడికి రోజూ దీపం, నైవేద్యం కావాలంటే పొలం పండాలి, పొలం పండాలంటే చెరువు నిండాలి. ఊరు నిలవాలన్నా అంతే.

లక్నవరం ఇంజినీరింగ్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. చుట్టూ గుట్టలు. ఆ గుట్టల మధ్య ఉన్న మూడు ఇరుకు సందులను చిన్న చిన్న కట్టలతో మూసేశారు. మిగతా గోడ పని గుట్టలే చేస్తాయి. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్ళన్నమాట. ఇవాళ మీరు వేలాడే వంతెన మీద సెల్ఫీ దిగే దీవులన్నీ ఒకప్పటి గుట్టల తలలు. పాకాల కూడా గణపతిదేవుడి కాలం పనే. అది ఇప్పుడు అభయారణ్యం లోపల ఉంది, మొసళ్ళు కూడా ఉన్నాయి. అటవీశాఖను అడగకుండా అక్కడ సొంత బోర్డు దించే ఆలోచన పెట్టుకోకండి.

మరి ఇన్ని చెరువులు రాజు ఒక్కడే కట్టించాడా? లేదు. ఇక్కడే అసలు కిటుకు. ఆ కాలంలో చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. కొడుకును కన్నా, గుడి కట్టినా, తోట వేసినా ఎంత పుణ్యమో చెరువుకూ అంతే. పుణ్యంతో పాటు లాభం కూడా ఉంది. చెరువు కట్టినవాళ్ళకు, బాగుచేసినవాళ్ళకు దాని కింద భూమిలో వాటా ఇచ్చేవాళ్ళు. దాన్నే దశబంధం అన్నారు. అందుకే సామంతులు, సేనానులు, వ్యాపారులు అందరూ దిగారు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేది. అవే గొలుసుకట్టు చెరువులు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్న పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

ఇక్కడ ఇంకో వైపు కథ కూడా చెప్పకపోతే తప్పవుతుంది. లక్నవరం నుంచి ముందుకు పోతే మేడారం, జంపన్నవాగు వస్తాయి. కోయవాళ్ళు తరతరాలుగా చెప్పుకునే కథ ఏంటంటే, కరువొచ్చి పంటల్లేని ఏడాది కాకతీయ ప్రతాపరుద్రుడు కప్పం కట్టమన్నాడు. పగిడిద్దరాజు కట్టలేనన్నాడు. సైన్యం వచ్చింది. సమ్మక్క, సారలమ్మ పోరాడారు. ఓడిపోయిన జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం వదిలాడు, అప్పటి నుంచి అది జంపన్నవాగు. చెరువులు కట్టిన రాజ్యమే, కరువులో కప్పం అడిగిన రాజ్యం కూడా. రెండూ గుర్తుపెట్టుకోవాలి. ఆ వాగు లక్షల మందికి మొక్కు తీర్చుకునే చోటు. అది మన ప్యాడిల్‌బోర్డ్‌కు ఆటస్థలం కాదు.

ఇప్పుడు పడవల సంగతి. కయాక్ అంటే ఫారిన్ వస్తువు అనుకుంటాం. అది ఆర్కిటిక్ ఇన్యూట్ జనం వేట పడవ. కట్టెతోనో ఎముకతోనో చట్రం కట్టి దాని మీద సీల్ జంతువు తోలు బిగించేవాళ్ళు. మన పుట్టి చూడండి, వెదురు బద్దల బుట్ట, దాని మీద తోలు. ఇప్పుడైతే తోలు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. సుమారు 1520లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, బుట్టల్లాంటి ఈ గుండ్రటి తోలు పడవల్లో జనం నది దాటడం గురించి రాశాడు. ప్యాడిల్‌బోర్డ్‌కు కూడా మనకు చుట్టం ఉంది. మన చెరువుల్లో థర్మకోల్ తెప్ప మీద వలలు వేసే మత్స్యకారులను చూడండి. వాళ్ళకు అది వీకెండ్ సరదా కాదు, రోజు కూలి. మీ తెడ్డుకు వాళ్ళ వల తగిలి తెగితే ఆ రోజు సంపాదన పోయినట్టే.

పడవ సేఫ్టీ గురించి గణపతిదేవుడే 1244లో ఒక శాసనం వేయించాడు, తెలుసా? మోటుపల్లి రేవులో. అంతకుముందు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఉంటే, అందులో బంగారం, ఏనుగులు, గుర్రాలు ఏమున్నా రాజులు లాగేసుకునేవాళ్ళు. ఈయన మాత్రం, ప్రాణం కంటే ధనాన్ని ఎక్కువ అనుకుని సముద్రం దాటొచ్చిన వర్తకుల మీద జాలి చూపి, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోను అన్నాడు. అదే అభయశాసనం. నీళ్ళ మీద ఆపదలో ఉన్నవాణ్ణి దోచుకోవద్దని రాయి మీద చెక్కించాడు.

చెరువులయ్యాయి, నది దగ్గరికి వద్దాం. గోదావరి మీద కాళేశ్వరం నుంచి భద్రాచలం దాకా తెడ్డేసుకుంటూ పోదామని ఒకరన్నారు. ఇదే ఆలోచన ఆర్థర్ కాటన్‌కు నూట డెబ్బై ఏళ్ళ కింద వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినాయన. మధ్య భారతం పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దింపాలని ఆయన పట్టుబట్టాడు. నదిలో మూడు చోట్ల రాళ్ళ అడ్డంకులు. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన. వాటిని దాటించడానికి ఆనకట్ట, పక్కన కాలువ, పడవను పైకీ కిందికీ దించే లాకులు కట్టడం మొదలుపెట్టారు. డబ్బు కరిగిపోతూ ఉంది, జ్వరాలతో మనుషులు పడిపోతున్నారు, ఎండాకాలం వస్తే నదిలో ఇసుక మేటలే. ఈలోగా రైలు వచ్చేసింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ ఫెయిల్యూర్ మనకు చెప్పేది ఒక్కటే. గోదావరి వానాకాలంలో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. మధ్యలో మిగిలే కాలం చిన్నది. ఎక్కువ అంటే ఎంత ఎక్కువో కూడా చెప్తాను. 2019 సెప్టెంబర్ 15న వరద ప్రవాహంలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి పదుల మంది చనిపోయారు. అది పెద్ద బోటు, ఇంజిన్ ఉన్న బోటు. 2023 జూలైలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు జంపన్నవాగు పొంగి కొండాయి ఊళ్ళో ప్రాణాలు పోయాయి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కయాక్ మాట ఎత్తొద్దని నేననేది అందుకే.

ఇక నా ప్లాన్ ఇది. నవంబర్ నుంచి జనవరి లోపల పోండి. చెరువు నిండి ఉంటుంది, వాన భయం తక్కువ. యాసంగి నాట్లు పడి నీళ్ళు వదలడం మొదలైతే మట్టం రోజురోజుకూ దిగుతుంది. మొదటి రోజు లక్నవరం. టూరిజం వాళ్ళ బోటింగ్ ఉంది కాబట్టి, మీ సొంత కయాక్ దించొచ్చా లేదా వాళ్ళనే అడగండి. రెండో రోజు రామప్ప. నీటిపారుదల వాళ్ళ అనుమతి, మత్స్య సొసైటీ వాళ్ళతో ఓ మాట. ఊళ్ళో తూము చూసుకునే నీరటి ఉంటే ఆయన్ను పెద్దమనిషిలా పలకరించి, "తాతా, తూము ఎక్కడుంది, ఇవాళ తెరిచారా?" అని అడగండి. తెరిచిన తూము దగ్గర నీళ్ళు పైకి ప్రశాంతంగానే కనిపిస్తాయి, లోపల లాగుతుంటాయి. మత్తడి దూకుతుంటే ఆ వైపే పోవద్దు. లైఫ్ జాకెట్ ఈత వచ్చినా వేసుకోవాల్సిందే. నది మాత్రం ఈసారికి ఒడ్డు నుంచే చూడండి. పైన బ్యారేజీల గేట్లు ఎప్పుడు ఎత్తుతారో మన చేతిలో ఉండదు.

చివరగా ఒక్క మాట. "ఇంత దూరం ఎందుకు, మన పక్కనే సరూర్‌నగర్ చెరువు ఉంది కదా?" అని కూడా అడిగారు. అదీ వందల ఏళ్ళ చెరువే. కానీ దాని కింద పొలాలు పోయి కాలనీలొచ్చాయి. రైతు ఉన్నన్నాళ్ళు చెరువుకు కాపలా ఉంటుంది. కాలువ పూడితే అడిగేవాడుంటాడు, కట్ట కుంగితే తట్ట పట్టేవాడుంటాడు. ఆయకట్టు పోయిన రోజే చెరువు అనాథ అయింది. 2020 అక్టోబర్ వానలకు ఏమైందో మనకు తెలుసు. చెరువులో తిరగాల్సిన పడవలు సరూర్‌నగర్ గల్లీల్లో తిరిగాయి. రామప్ప చెరువు ఎనిమిది వందల ఏళ్ళు బతికిందంటే ఏటా దానితో పని ఉన్నవాళ్ళు ఉండబట్టే.

కాబట్టి ట్రిప్‌కు పోండి, ఫొటోలు దిగండి. కట్ట మీద నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి కింద పొలాల వైపు కూడా చూడండి. వచ్చాక మన చెరువులోకి పోయే నాలా ఎక్కడ మూసుకుపోయిందో కూడా ఓ ఆదివారం నడిచి చూద్దాం, నేనూ వస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.