పాప్లిటియల్ అన్యూరిజం

మోకాలి వెనుక గుంటలో సాగే పాప్లిటియల్ ధమని గోడ బలహీనపడి ఉబ్బితే దాన్ని పాప్లిటియల్ అన్యూరిజం అంటారు. కాలి ధమనుల్లో వచ్చే ఉబ్బుల్లో ఇదే ఎక్కువ. రోగుల్లో అత్యధికులు 60 ఏళ్లు దాటిన మగవారు. పొగతాగే అలవాటు, రక్తపోటు తరచూ తోడుంటాయి.

అన్యూరిజం అనగానే పగులుతుందని భయపడతారు. పొట్టలోని బృహద్ధమని విషయంలో ఆ భయం సబబే. ఇక్కడ పగలడం అరుదు; అసలు ముప్పు రక్తం గడ్డకట్టడం. ఉబ్బిన సంచి గోడల వెంట గడ్డ పొరలుపొరలుగా పేరుకుంటుంది. దాని ముక్కలు ఊడి, పాదానికి వెళ్లే సన్నని ధమనులను ఒక్కొక్కటిగా మూసేస్తాయి. ఒక్కోసారి సంచే పూడిపోతుంది. కాలు చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కుతుంది. కొన్ని గంటల్లోగా రక్తం అందకపోతే కాలినే తీసేయాల్సి రావచ్చు. ఏ బాధా లేనప్పుడే ఈ జబ్బును పట్టుకోవాలనేది అందుకే.

మోకాలిని కాస్త వంచి, రెండు చేతుల వేళ్లతో వెనుక గుంటలో తడిమి చూస్తారు. మామూలుగా అక్కడి నాడి లోతుగా ఉండి, వెతికితే గానీ అందదు. వెడల్పుగా, బలంగా కొట్టుకుంటూ వెంటనే తగిలిందంటే అనుమానించాల్సిందే. అది ఉబ్బిన ధమనో, కీలు నీరు చేరిన బేకర్ తిత్తో డాప్లర్ స్కాన్ తేల్చేస్తుంది. యాంజియోగ్రామ్ ఒక్కదాన్నే నమ్మితే మోసపోవచ్చు: గడ్డ మధ్య మిగిలిన దారి మామూలు ధమనిలాగే కనిపిస్తుంది. దాదాపు సగం మందికి రెండో కాలిలోనూ, చాలామందికి పొట్టలోని బృహద్ధమనిలోనూ ఉబ్బు ఉంటుంది కాబట్టి ఆ రెండు చోట్లా స్కాన్ తప్పనిసరి.

ఇక చికిత్స సంగతి: 1785 డిసెంబరులో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఈ జబ్బున్న ఒక గుర్రపుబండి తోలేవాడికి, ఉబ్బును ముట్టుకోకుండా, ధమని ఆరోగ్యంగా ఉన్న తొడభాగంలో దాన్ని కట్టేశాడు. పక్క ధమనుల ద్వారా పాదానికి రక్తం చేరి కాలు నిలిచింది. కాలు తీసేయడమే దారనుకున్న రోజుల్లో అది గొప్ప సాహసం.

నేడు ఉబ్బు 2 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా ఆపరేషన్ సూచిస్తారు. లోపల గడ్డ ఉంటే అంతకంటే చిన్నదైనా వదలరు. ఉబ్బుకు పైనా కిందా ధమనిని కట్టి, రోగి కాలి నుంచే తీసిన సఫీనస్ సిరతో బైపాస్ వేస్తారు. మోకాలి వంపు దగ్గర కృత్రిమ గొట్టం కన్నా సొంత సిరే ఎక్కువ కాలం తెరుచుకుని ఉంటుంది. అయితే కట్టేసిన సంచిలోకి చిన్న కొమ్మల నుంచి రక్తం చేరి అది మళ్లీ పెరగవచ్చు. వెనుక నుంచి కోసి, సంచిని తెరిచి, ఆ కొమ్మలను లోపలినుంచే కుట్టేస్తే ఆ బెడద తప్పుతుంది. పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వారికి తొడ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ పంపుతారు. కాలు అప్పటికే చల్లబడి ఉంటే, ముందుగా కాథెటర్‌తో గడ్డ కరిగే మందు ఎక్కించి పాదపు ధమనులను తెరవాల్సి రావచ్చు. ఏ పద్ధతిలో చేసినా ఆ తర్వాత ఏటేటా డాప్లర్ తీయిస్తూ ఉండాలి.