పొలిటికల్ సెటైర్ మూవీస్: నవ్వించి నిలదీసే ఏడు సినిమాలు.. టార్గెట్ నేతలే అనుకుంటే పొరపాటే!

పొలిటికల్ సెటైర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నేతల మిమిక్రీ. మాట తీరు, కండువా, నడక అచ్చం దించేస్తే చాలు, నవ్వులే నవ్వులు. తెలుగులో ఇలాంటి వాటిలో బాగా గుర్తుండిపోయింది 1987 నాటి 'మండలాధీశుడు'. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను పోలిన పాత్రలో కోట శ్రీనివాసరావు కనిపించారు. ఆ పాత్ర వల్ల ఎన్టీఆర్ అభిమానుల ఆగ్రహం చవిచూడాల్సి వచ్చిందని కోట తర్వాత చెప్పుకున్నారు.

అయితే ఆ నేతను చూడని తరానికి ఆ జోకు సగమే అర్థమవుతుంది. ఏళ్లు గడిచినా పాతబడని సెటైర్లు వేరు. వాటిలో బాణం నేత వైపు వెళ్తున్నట్టే ఉంటుంది. తగిలేది మాత్రం ఓటరుకి, కార్యకర్తకి, టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడికి. అలాంటి ఏడు సినిమాలు ఇవే. కథల్లోని కొన్ని మలుపులు కూడా ఇందులో ఉన్నాయి, గమనించగలరు.

1. మహమ్మద్ బిన్ తుగ్లక్ (తమిళం - 1971, తెలుగు - 1972)

చో రామస్వామి తన నాటకాన్నే తమిళంలో సినిమాగా తీశారు. తెలుగులో నాగభూషణం నటించారు. 14వ శతాబ్దపు సుల్తాన్ తుగ్లక్ మళ్లీ లేచొచ్చి, ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయితే? పార్టీ ఫిరాయించి వచ్చినవాళ్లకు పదవులు పంచుతాడు. పర్షియన్‌ను అధికార భాష చేస్తాడు. లంచాన్ని చట్టబద్ధం చేస్తాడు. ఇంత పిచ్చి పాలనకూ జనం జేజేలు కొట్టడమే అసలు సెటైర్.

2. కిస్సా కుర్సీ కా (హిందీ - 1978)

సినిమా కథ కంటే దాని వెనక కథే పెద్ద థ్రిల్లర్. దర్శకుడు అమృత్ నహతా స్వయంగా కాంగ్రెస్ ఎంపీగా పనిచేసిన వ్యక్తి. 1975లో సినిమా సెన్సార్‌కు వెళ్లింది. ఆ వెంటనే ఎమర్జెన్సీ వచ్చింది. ప్రింట్లు, నెగెటివ్‌లు స్వాధీనం చేసుకుని తగలబెట్టేశారు. ఈ కేసులో సంజయ్ గాంధీ, వి.సి.శుక్లాలకు 1979లో కింది కోర్టు శిక్ష వేసింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నహతా మాత్రం పట్టు వదలకుండా సినిమాను మళ్లీ తీసి 1978లో విడుదల చేశారు. ఇందులో షబానా ఆజ్మీ పాత్ర పేరు జనతా. ఆమె మూగది. ఇంతకంటే వివరంగా చెప్పాలా?

3. జానే భీ దో యారో (హిందీ - 1983)

కుందన్ షా తొలి సినిమా. నసీరుద్దీన్ షా, రవి బాస్వానీ ఇద్దరు అమాయక ఫొటోగ్రాఫర్లు. బిల్డర్లు, మున్సిపల్ కమిషనర్ కుమ్మక్కైన బండారం వాళ్ల కెమెరాకు చిక్కుతుంది. శవాన్ని దాచే తంటాలో అందరూ మహాభారతం నాటకం స్టేజీ మీదికి ఎక్కే సీన్‌కు పొట్ట చెక్కలవ్వాల్సిందే. కానీ క్లైమాక్స్‌లో ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఫ్లైఓవర్ కూలిన నేరం ఆ ఇద్దరి మీదే పడుతుంది. మిగతావాళ్లంతా వాటాలు మాట్లాడుకుంటారు. ఆధారాలు సేకరించమన్న పత్రికా ఎడిటర్ కూడా తక్కువేం తినలేదు.

4. సందేశం (మలయాళం - 1991)

సత్యన్ అంతిక్కాడ్ దర్శకత్వం, శ్రీనివాసన్ రచన. రైల్వేలో రిటైరై ఇంటికొచ్చిన తండ్రి(తిలకన్)కి ఇద్దరు కొడుకులు చెరో పార్టీలో కనిపిస్తారు. డైనింగ్ టేబుల్ దగ్గర పోలండ్ గురించి కొట్టుకుంటారు గానీ, ఇంటి ఖర్చు ఎవరికీ పట్టదు. వాట్సాప్ గ్రూపుల్లో అన్నదమ్ములే పార్టీల పేరుతో తిట్టుకునే ఈ రోజుల్లో ఇది ఎవరింటి కథో చెప్పక్కర్లేదు.

5. పీప్లీ లైవ్ (హిందీ - 2010)

అనూష రిజ్వీ దర్శకురాలు, నిర్మాణం ఆమిర్ ఖాన్ సంస్థ. అప్పుల్లో మునిగిన రైతు నత్థా చనిపోతే పరిహారం వస్తుందని విని, చావడానికి ఒప్పుకుంటాడు. ఇంకేముంది, ఊళ్లోకి ఓబీ వ్యాన్లు దిగుతాయి. నేతలు క్యూ కడతారు. ఈ హడావుడి మధ్యే అదే ఊళ్లో మట్టి తవ్వుకుని బతికే ఓ పేదవాడు తాను తవ్విన గుంతలోనే ప్రాణాలు వదులుతాడు. ఒక్క కెమెరా కూడా అటు తిరగదు. న్యూస్ చానళ్లకూ, వాటిని చూసేవాళ్లకూ గట్టిగా తగిలే చురక ఇది.

6. న్యూటన్ (హిందీ - 2017)

భద్రాచలం ఏజెన్సీని ఆనుకుని ఉన్న దండకారణ్యంలో ఒక పోలింగ్ బూత్, 76 మంది ఓటర్లు. రూల్ ప్రకారమే ఎన్నిక జరగాలని పట్టుబట్టే అధికారిగా రాజ్‌కుమార్ రావు, అదంతా అయ్యే పని కాదనే భద్రతా అధికారిగా పంకజ్ త్రిపాఠి. అభ్యర్థులెవరో కూడా ఆ ఓటర్లకు తెలీదు. విదేశీ జర్నలిస్టు వస్తున్నారనగానే వాళ్లను తీసుకొచ్చి లైన్లో నిలబెడతారు. వేలికి సిరా అంటిస్తే సరిపోతుందా అన్నదే సినిమా ప్రశ్న. అమిత్ మసూర్కర్ తీసిన ఈ చిత్రాన్ని భారత్ ఆస్కార్‌కు అధికారిక ఎంట్రీగా పంపింది.

7. మండేలా (తమిళం - 2021), మార్టిన్ లూథర్ కింగ్ (తెలుగు - 2023)

పంచాయతీ ఎన్నికలో రెండు వర్గాల బలం సరిసమానం. తేల్చేది ఒక్క ఓటు. అది నిన్నటిదాకా ఊరు మనిషిగానే చూడని బార్బర్‌ది. సొంత పేరు కూడా లేని అతనికి పోస్టాఫీసు ఉద్యోగిని నెల్సన్ మండేలా అని పేరు పెడుతుంది. యోగిబాబు హీరో, మడోన్ అశ్విన్ దర్శకుడు. తొలి సినిమాకే ఆయనకు జాతీయ అవార్డు దక్కింది. తెలుగు రీమేక్‌లో సంపూర్ణేష్ బాబు చెప్పులు కుట్టే వ్యక్తిగా కనిపించారు. పూజ కొల్లూరు దర్శకత్వం వహించారు. మొదట కానుకలన్నీ తనకోసమే తీసుకునే హీరో, తర్వాత ఊరికి ఏం కావాలో అడగడం నేర్చుకుంటాడు. ఓటును అమ్ముకోవడానికీ, వాడుకోవడానికీ తేడా ఏంటో స్పీచ్ దంచకుండానే అర్థమవుతుంది.

ముందు ఏది చూడాలి?

ఫ్యామిలీతో కలిసి తెలుగులోనే చూడాలంటే 'మార్టిన్ లూథర్ కింగ్'తో మొదలుపెట్టొచ్చు. కడుపుబ్బా నవ్వుకోవాలంటే 'జానే భీ దో యారో'. ఇంట్లో పార్టీల గొడవ ఉంటే 'సందేశం' పెట్టి అందర్నీ కూర్చోబెట్టండి. చూసేటప్పుడు తెర మీది నేత ఎవరిలా ఉన్నాడన్నది పక్కన పెట్టి, అతనికి దండ వేస్తున్నవాళ్లలో మీలాంటి వాళ్లు ఎవరైనా ఉన్నారేమో వెతకండి.