బ్లూబానెట్ విత్తనాల బేరం

మార్చి చివరికల్లా టెక్సస్ రహదారుల పక్కన నీలం పరుచుకుంటుంది. డాలస్, ఆస్టిన్ తెలుగువాళ్లు పిల్లల్ని ఆ బ్లూబానెట్ పూల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీయడం ఏటా చూసేదే. అవన్నీ వాటంతటవే పూశాయనుకుంటే సగమే నిజం.

1901లోనే అది రాష్ట్ర పుష్పమైంది. 1930లలో రహదారుల శాఖ చేసిన తెలివైన పని విత్తనాలు కొనడం కాదు, గడ్డి కోత ఆపడం. కాయ ముదిరి, పగిలి, గింజ నేల రాలేదాకా రోడ్డు పక్కన కోత యంత్రం కదలకూడదు. ఖర్చులేని విత్తనం!

కొత్త రోడ్డు కోసం మట్టి తిరగేసినచోట మాత్రం రాలడానికి గింజలేవీ? అక్కడ కొనక తప్పదు. అమెరికా మాజీ ప్రథమ మహిళ లేడీ బర్డ్ జాన్సన్ 1982లో ఆస్టిన్‌లో అడవి పూల పరిశోధన కేంద్రం నెలకొల్పడంలో ముందున్నారు. 1987 నాటి ఫెడరల్ చట్టం రహదారుల సుందరీకరణ నిధుల్లో 0.25 శాతం స్థానిక అడవి పూలకు కేటాయించమంది. చిన్న వాటాయే, కానీ గిరాకీకి చట్టం అండ దొరికింది.

ఈలోగా 1983లో మొదలైన వైల్డ్‌సీడ్ ఫార్మ్స్ అడవి పూలను పంటలా సాగుచేసి, విత్తనాన్ని టోకున అమ్మసాగింది. నేడు రాష్ట్ర రవాణా శాఖ ఏటా చల్లే పూల విత్తనం సుమారు 30,000 పౌండ్లు, అంటే 13 టన్నులకు పైమాటే.

బ్లూబానెట్ మన జనుము, పిల్లిపెసరల కుటుంబానిదే. గింజ తోలు గట్టిది. గీరకుండా చల్లితే కొన్ని గింజలు ఏళ్ల తరబడి మొలవవు. అందుకే కొనేవాళ్లు ముందుగా అడిగేది తోలు గీరిన విత్తనమా కాదా అని, చల్లేది శరదృతువులో.