చెరువు కట్టినోళ్ల ఇనాం

మా సీమలో పూర్వం చెరువు కట్టినవాడికి శాలువా కప్పేవాళ్లు కాదు, మాన్యం రాసిచ్చేవాళ్లు. దాని పేరు దశబంధం ఇనాం. సొంత డబ్బుతో చెరువు తవ్వించినా, తెగిన కట్ట పూడ్పించినా దక్కేది. హద్దులు చూపి ఫలానా చేను ఇస్తే ఖండం దశబంధం. ఆయకట్టు శిస్తులో వాటా ఇస్తే శామిలాతు. మెలిక ఒకటుండేది: చెరువును బాగుచేస్తూ ఉన్నంతకాలమే ఇనాం. కట్టను పాడుపెడితే సర్కారు వెనక్కి లాక్కునే వీలుండేది. చెరువుల పనుల్లోనే ఉద్యోగం వెళ్లదీసిన నాకు ఈ షరతు మహా ఇష్టం. ఒక ఆగస్టు 15న నాకూ ప్రశంసాపత్రం ఇచ్చినారు. నేను కట్టించిన తూము ఎట్లుందని మాత్రం ఎవరూ అడగలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కథ కూడా పాతదే. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం చదివితే లెక్కలన్నీ దొరుకుతాయి: రెండేండ్లు, రోజుకు 1000 మంది కూలీలు, రాతిపనికి 100 బండ్లు. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు కూడా అందులోనే చెప్పినారు. అంగాల్లో ధర్మం తెలిసిన రాజు మొదట, జలశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు రెండోది. గట్టినేల, తీపినీళ్ల ఏరు, కొండ, రాళ్లగని అన్నీ అయినాక, చిట్టచివర 12వదిగా పనితనం తెలిసిన కూలిజనం. కట్ట మీద తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, నేనైతే వాళ్లను రెండోచోట రాసేవాణ్ణి.